లెక్కలోకి రాని తెలుగిళ్లు

1994లో మా తమ్ముని కుమారుని పెండ్లికి విజయవాడ వెళ్లాము. పిల్ల ఆ ఊరిది. పెండ్లినాటి ఉదయం పూజసామాన్లు తక్కువపడితే నేనే అంగడికి పోయి, "ఐదు టెంకాయలు ఇవ్వండి" అన్నాను. అంగడివాడు నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. పక్కనున్న మనిషితో "అరవోళ్ల పెళ్లి కాబోలు" అన్నాడు. ఆ మనిషి నా వైపు తిరిగి, చెవిటివానికి చెప్పినట్లు గొంతు పెంచి, "కొ-బ్బ-రి-కా-య అనాలండీ" అని నేర్పించాడు.

అప్పటికే నేను ఇరవై ఏళ్లకు పైగా తెలుగు చెబుతున్న అయ్యవారిని. టెంకాయ అన్న మాట మన నిఘంటువులన్నింటిలో ఉన్నదని నాకు తెలుసు. అయినా ఆ క్షణాన నోట మాట రాలేదు. కాయలు సంచిలో వేసుకుని తలవంచుకుని వచ్చేశాను. విడిదిలో మా ఆడవాళ్లు ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉర్లగడ్డ, చెనిక్కాయలు అన్నప్పుడల్లా అవతలివారు ఒకరినొకరు చూసుకోవడం ఆ మధ్యాహ్నమంతా గమనిస్తూనే ఉన్నాను. మా ఇంటి పిల్లలు ఆ రెండు రోజులూ నోరు విప్పడం మానేశారు.

హోసూరు పక్కనున్న పల్లె మాది. మొరసునాడని పెద్దలు పిలిచిన సీమ. 1956లో రాష్ట్రాలను భాషను బట్టి విడదీసినప్పుడు మా తాలూకా నాటి మద్రాసు రాష్ట్రంలో, సేలం జిల్లాలో ఉండిపోయింది. 1965లో ధర్మపురి జిల్లా, 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. జిల్లా పేరు మారినప్పుడల్లా కచేరీ పలకల మీద రాత మారింది గాని, మా ఇండ్లలో మాట మారలేదు. అటువంటి మాకు సొంత రాష్ట్రంలో ఎదురయ్యే మాట "గొల్టి". అటు తెలుగునాటికి పోతే ఎదురయ్యే మాట "అరవోడు". సరిహద్దు జిల్లాలలో పుట్టిన ఏ తెలుగువానికీ ఈ రెండు మాటల రుచిని నేను వివరించనక్కరలేదు.

ఇంతవరకు చెప్పినది మన పత్రికలలో పలుమార్లు వచ్చినదే. దానిని మరొకసారి చెప్పుకుని బాధపడడానికి ఈ వ్యాసం రాయలేదు. ఆ నవ్వును నేనే మరొకరి మీద నవ్వాను. ఆ సంగతి నాకు తెలిసిరావడానికి చాలా ఏళ్లు పట్టింది. అది చెప్పాలని రాస్తున్నాను.

నలభై మంది కోసం

2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళ అభ్యసన చట్టం చేసింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక తరగతి చొప్పున పెంచుతూ తమిళాన్ని తప్పనిసరి చేశారు. రాష్ట్ర భాష నేర్చుకోవడానికి మాకు ఎన్నడూ అభ్యంతరం లేదు. మా పిల్లలు తమిళం బాగానే నేరుస్తారు. కాని తమిళానికి చోటిచ్చే నెపంతో తెలుగును బడి గుమ్మం దాటించడం మాత్రం మాకు దిగమింగలేని దెబ్బ.

2009 వేసవికి మా ఊరి బడిలో తెలుగు చెప్పే అయ్యవారు లేకుండా పోయారు. నేను అప్పటికే ఉద్యోగ విరమణ చేసి ఉన్నాను. కొత్తవారిని వేయమని అడగడానికి పోతే, "పిల్లలేరీ? లెక్క చూపండి" అన్నారు. ఆ లెక్క ఈనాటిది కాదు. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రులు కూడి చేసిన తీర్మానంలోనే ఉన్నది: తరగతిలో పదిమందికి గాని, బడి మొత్తంలో నలభైమందికి గాని తగ్గకుండా పిల్లలుంటే వారి తల్లిభాషలో చెప్పడానికి ఒక అయ్యవారినైనా నియమించాలి. ఆ తరువాత 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలోకి వచ్చిన 350-ఎ అధికరణం, భాషాల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో తల్లిభాషలో చదువుకునే వసతి కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ పూనుకోవాలని చెప్పింది.

మేము నలుగురు పెద్దలం నోటుపుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాము. పెద్దవీధి, గుడివీధి, కొత్తగా కట్టుకున్న పేట అంతా తిరిగితే ముప్పై ఒక్క పేర్లు వచ్చాయి. ఇంకా తొమ్మిది కావాలి. పక్కపల్లెలోని బంధువుల పిల్లలను ఇక్కడ చేర్పిద్దామా అని ఒకరు, పట్నానికి పోయినవారి పేర్లు కూడా రాసేద్దామా అని మరొకరు ఆలోచన చెప్పారు. గుడి అరుగు మీద కూర్చుని మూడు సాయంత్రాలు ఇదే తర్కించాము.

మూడవనాడు, మాకు తమిళంలో అర్జీ రాసిపెట్టడానికి వచ్చిన తమిళ ఉపాధ్యాయ మిత్రుడు అడిగాడు: "ఊరి చివరి కాలనీలో వాళ్లు మాట్లాడేది తెలుగే కదా? వాళ్ల పేర్లు రాయలేదేం?"

మా నలుగురిలో ఎవరమూ ఒక్క నిమిషం మాట్లాడలేదు. రోజూ మా పొలాల్లో పనిచేసే మాదిగ కుటుంబాలవి. వారితో మేము మాట్లాడేది తెలుగే. వారు తమలో తాము మాట్లాడుకునేదీ తెలుగే. అయినా "మన ఊరి తెలుగువారు" అని నోటుపుస్తకం తెరిచినప్పుడు మా కాళ్లు ఆ దిక్కుకు పోలేదు. వద్దనుకుని మానినది కాదు. తలపుకే రాలేదు. వద్దనుకోవడం కన్న అదే ఘోరమని నాకిప్పుడు అనిపిస్తుంది.

కూడు, అన్నం

మర్నాడు పొద్దున కాలనీకి పోయాము. మొదటి ఇంటి ముందు ఒక ఆడమనిషి చాటలో రాగులు చెరుగుతున్నది. నన్ను చూసి లేచి నిలబడింది. నవ్వుతూనే అన్నది గాని ఆ మాట నాకు గుచ్చుకుంది:

"అయివోరా, ఇన్నాళ్లకి మా తావు కనబడిందా?"

వచ్చిన పని చెప్పాను. ఆమె అంతా విన్నది. ఇద్దరు పిల్లలు ఆమెకు, ఇద్దరూ తమిళ మాధ్యమంలో ఉన్నారు. "తల్లిభాష కదమ్మా, నీ పిల్లలు తెలుగు చదవవద్దా?" అన్నాను. సభల్లో చెప్పే మాట అలవాటుగా నోటికి వచ్చింది.

"నేను మీ కాడే చదివినాను. మీకు గేపకం లేదు" అన్నది.

నిజంగానే నాకు జ్ఞాపకం లేదు. ఆమె చెప్పింది. రెండో తరగతిలో ఉండగా ఒకనాడు మధ్యాహ్నం బడికి ఆలస్యంగా వచ్చిందట. ఎందుకు ఆలస్యమైందని నేను అడిగితే, "కూడు తిని వస్తిని అయివోరా" అన్నదట. "కూడేమిటే, మనుషులు తినేది అన్నం. అన్నం తిని వచ్చాను అనాలి" అని నేను అన్నానట. తరగతి అంతా నవ్విందట. "మీరూ నగితిరి" అన్నది. ఆ పొద్దు నుంచి తెలుగు గంటలో తాను నోరు తెరవలేదట. మూడో తరగతితో బడి మానేసింది.

"తమిళంలో అయితే నా బిడ్డ తప్పు మాట్లాడినా కొత్త బాస కదా అని సరిదిద్దుతారు. తెలుగులో మాట్లాడితే మా ఇంటి మాటే తప్పంటారు. వద్దులే అయివోరా."

కోటి విద్యలూ కూటికొరకే అన్న సామెతను నేను ఎన్ని తరగతుల్లో చెప్పి ఉంటానో లెక్కలేదు. అందులోని "కూడు" మాత్రం నాకు గౌరవమైన మాటే. పాతకాలం కవులు కూడా వాడిన మాట అది. అదే మాట ఒక మాదిగ పిల్ల నోట వచ్చేసరికి మనుషులు తినేది కాకుండాపోయింది. విజయవాడ అంగడివాడు నన్ను చూసి నవ్వడానికి ఏడెనిమిదేళ్ల ముందే ఆ నవ్వు నేను నవ్వి ఉన్నాను. అతని నవ్వు నాకు పదిహేనేళ్లుగా గుర్తుంది. నా నవ్వు నాకు సాయంత్రం దాకా కూడా గుర్తుండలేదు.

ఆ పూట కాలనీలో తక్కిన ఇండ్లవారు పన్నెండుమంది పిల్లల పేర్లు రాయించారు. నలభైమూడు పేర్లతో అర్జీ పోయింది. ఏడాదిన్నర తిరిగిన తరువాత అయ్యవారు వచ్చారు. ఆమె మాత్రం సంతకం పెట్టలేదు. ఆమె పిల్లలు తమిళంలోనే చదివారు. ఆమెది తప్పని ఇప్పటికీ అనలేను.

సంఖ్యలో ఉన్నవారు, సభలో లేనివారు

2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు తల్లిభాషగా గలవారు సుమారు 42 లక్షలు, కర్ణాటకలో సుమారు 35 లక్షలు. మన సభల్లో ఈ అంకెలు తప్పక వినిపిస్తాయి. ఆ 42 లక్షల్లో ఎవరున్నారు? కోయంబత్తూరు, తిరుప్పూరు, ఈరోడు, నామక్కల్, సేలం ప్రాంతాలలోని అరుంధతీయులలో ఇంట తెలుగు మాట్లాడేవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. పట్టణాల పారిశుద్ధ్య పనుల్లో, తోలు పనుల్లో, పొలాల కూలిలో తరతరాలుగా బతుకు వెళ్లదీసినవారు. బడి లేకుండా, పుస్తకం లేకుండా, ఏ సంఘం సాయమూ లేకుండా ఇన్ని వందల ఏళ్లు ఇంట్లో తెలుగును నిలుపుకున్నారు. తెలుగును నిలబెట్టామని మనం శాలువలు కప్పుకునే వేదికల మీద వారిలో ఒక్కరినైనా ఎప్పుడైనా చూశామా?

2009లో తమిళనాడు శాసనసభ షెడ్యూల్డు కులాల కోటాలో అరుంధతీయులకు 3 శాతం ప్రత్యేకించి చట్టం చేసింది. దానిమీద వ్యాజ్యాలు నడిచాయి. చివరకు 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణను సమర్థిస్తూ ఇచ్చిన తీర్పుతో ఆ చట్టమూ నిలబడింది. ఆ పదిహేనేళ్లలో, వారు తెలుగువారు గనుక ఇక్కడివారు కారన్న మాట వీధుల్లో వినబడింది. మన మీద విసిరే రాయే వారి మీద ఇంకా బలంగా పడింది. ఆ సమయంలో మన సంఘాలలో ఎన్ని వారి పక్కన నిలబడి ఒక్క ప్రకటన చేశాయి? లెక్క కావలసి వచ్చినప్పుడు కలుపుకోవడం, కష్టం వచ్చినప్పుడు మరచిపోవడం భాషాభిమానం అనిపించుకోదు.

"భాషోద్యమంలోకి కులం తేకండి, చీలిపోతాం" అని ఒక మిత్రుడు నాతో అన్నారు. ఆయన మంచివారు, ఉద్యమానికి చాలా చేసినవారు. కాని నేను కులం తేలేదు. మా నోటుపుస్తకంలో అది ముందే ఉన్నది. ఏ వీధికి పోయామో, ఏ వీధికి పోలేదో అదే రాసిపెట్టింది. చీలిక అక్కడ జరిగిపోయింది. దానిని గురించి మాట్లాడకుండా ఉంటే అతుకుతుందనుకోవడం భ్రమ. రాజ్యాంగం 350-ఎలో "పిల్లలు" అన్నదే గాని, ఏ వీధి పిల్లలని అనలేదు.

మన నోటిలోని మాటలు

ఇంకొక సంగతి. మా ఇండ్లలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే "ఏమిటా అరవగోల" అంటారు. ఫలితంలేని కష్టానికి "అరవచాకిరి" అంటారు. నేనూ అన్నవాణ్ణే. మా అర్జీ తమిళంలో రాసిపెట్టిన మిత్రుడు గుడి అరుగు మీద మా నడుమ కూర్చుని ఉండగానే, వాదన పెరిగినప్పుడు మాలో ఒకరు "అరవగోల ఆపండి" అన్నారు. ఆయనకు తెలుగు బాగా వచ్చు. తల ఎత్తలేదు, రాస్తూనే ఉన్నాడు. "గొల్టి" అన్న మాటకు మండిపడే మేము ఆ మాటను మాటగానే గుర్తించలేదు. మరుసటి రోజు నేను క్షమించమని అడిగితే, "మా ఇంట్లో కూడా మీ మీద అటువంటివి ఉన్నాయి లెండి" అని నవ్వేశాడు. ఇరువైపులా ఉన్నాయన్నది ఊరట కాదు. ముందు మన ఇంటి వైపు శుభ్రం చేసుకోవడమే మన చేతిలో ఉన్న పని.

హోసూరు చుట్టుపక్కల కార్ఖానాలకు ఇటీవలి కాలంలో ఉత్తరాది నుంచి, ఒడిశా నుంచి పనివారు చాలామంది వచ్చారు. మా ఊరివాళ్లు వారందరినీ కలిపి "హిందీవాళ్లు" అంటారు. అద్దెకు ఇల్లివ్వడానికి వెనుకాడతారు. ఏ దొంగతనం జరిగినా మొదటి చూపు వారి గదుల వైపే పోతుంది. ఒకనాడు మా వీధి అంగడిలో ఒక కుర్రవానితో అంగడామె వచ్చీరాని హిందీలో బేరమాడుతుంటే, అతడు కాసేపు విని, "తెలుగులోనే చెప్పండమ్మా, మాది బరంపురం దగ్గర" అన్నాడు. మూడు నెలలుగా మా వీధిలోనే ఉంటున్నాడట. తెలుగు వినబడినప్పుడల్లా మాట్లాడాలని ఉండేదట గాని, ఎవరూ పలకరించలేదు. ఆ రోజు నుంచి అంగడామె అతన్ని "అబ్బాయీ" అని పిలుస్తుంది. సంతోషమే. అయితే అతని గదిలో ఉండే తక్కిన ముగ్గురికి తెలుగు రాదు. వారిని ఇప్పటికీ "హిందీవాళ్లు" అనే అంటుంది. తెలుగు వచ్చినవానికి మాత్రమే మర్యాద దక్కితే, మన సొంత రాష్ట్రంలో మనకు జరిగిన దానికీ దీనికీ తేడా ఏమున్నది?

పర్లాకిమిడి చూపిన దారి

ఏటా ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాము. అది గిడుగు రామమూర్తి పంతులు (1863-1940) పుట్టినరోజు. వాడుక భాషకు బడిలో చోటు కావాలని ఆయన చేసిన పోరాటాన్ని వేదికల మీద చెప్పుకుంటాము. ఆయన జీవితంలోని మరొక సగాన్ని మాత్రం ఒక వాక్యంతో ముగిస్తాము.

ఆయన ఉద్యోగం చేసింది పర్లాకిమిడిలో. చుట్టూ కొండల్లో సవరలు. సంతకు దిగి వచ్చిన సవరలను పట్టణంలో మోసం చేసేవారు, వారి మాటను వెక్కిరించేవారు. పంతులుగారు ఆ మాటను నేర్చుకున్నారు. ఆ భాష తెలిసినవానిని ఇంట ఉంచుకుని నేర్చుకున్నారు. సవర పిల్లలకు వారి భాషలోనే పాఠ్యపుస్తకాలు తయారుచేశారు, బడులు పెట్టించారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైనుతో వినికిడి పోగొట్టుకున్నారు. అయినా 1931లో సవర భాషా వ్యాకరణాన్ని, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును లోకానికి ఇచ్చారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, తెలుగువారికి జరిగినది అన్యాయమని బాధపడి ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. తెలుగు పక్షాన అంత పట్టుదల గలిగిన మనిషే, తనకంటే దిక్కులేని మరొక జాతి భాష కోసం తన చెవులను పోగొట్టుకున్నారు.

సరిహద్దు తెలుగువారికి ఇంతకన్న దగ్గరి పూర్వుడు లేడు. నా మాట నిలవాలని నేను అడిగే హక్కు, నా పక్కవాని మాటను నేను నవ్వుల పాలు చేయకుండా ఉన్నప్పుడే బలంగా నిలుస్తుంది. ఆయన వాడుక భాష కోసం పోరాడినది కూడా ఇందుకే కదా! పండితుని నోట వచ్చినది ఒప్పు, పామరుని నోట వచ్చినది తప్పు అన్న తీర్పును ఆయన ఒప్పుకోలేదు. ఆయన పేరుతో జరిగే దినోత్సవంలో పిల్లలకు బహుమతులు పంచే నేను, "కూడు" అన్న పిల్లను చూసి నవ్వాను.

చేయగలిగినది

పెద్ద తీర్మానాలు రాయడం నాకు చేతకాదు. చిన్న పనులు కొన్ని చెబుతాను. మీ ఊరిలో తెలుగు పిల్లల లెక్క తీసేటప్పుడు ఊరి చివరి ఇంటి నుంచి మొదలుపెట్టండి. మన సంఘాల కార్యవర్గాల్లో ఆ ఇండ్లవారికి చోటు ఉండాలి. సభలో ముందు వరుస కుర్చీ కూడా ఉండాలి. బడిలో తెలుగు చెప్పే అయ్యవార్లు పిల్లల ఇంటి మాటను తప్పనకండి. "మీ ఇంట్లో ఇలా అంటారు, పుస్తకంలో ఇలా రాస్తారు, రెండూ తెలుగే" అని చెప్పండి. హోసూరు టెంకాయా, విజయవాడ కొబ్బరికాయా నిఘంటువులో ఎవరినీ కించపరచకుండా ఇమిడిపోయాయి. మన నాలుకకు మాత్రం ఇంత ఇరుకెందుకు? ఇక ఇంట్లో "అరవగోల" అన్న మాట వినబడితే, అన్నది తాతయినా సరే, "ఆ మాట వద్దు తాతా" అనే ధైర్యం పిల్లలకు ఇవ్వండి.

2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు మా ఊరి గుడి దగ్గర మిఠాయిలు పంచాము. పెద్దవీధి దాకా పంచాము. కాలనీకి పోలేదన్న సంగతి ఇది రాస్తుంటే ఇప్పుడు గుర్తుకు వస్తున్నది.

ఆమె పెద్దకూతురు ఇప్పుడు కృష్ణగిరిలో నర్సుగా పనిచేస్తున్నది. పోయిన ఏడు నేను జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు నన్ను గుర్తుపట్టి పలకరించింది. తమిళంలో చదివిన పిల్ల, నాతో మాత్రం ఇంటి తెలుగులోనే మాట్లాడింది. మందు ఇచ్చి వెళుతూ గుమ్మం దగ్గర ఆగి అడిగింది: "కూడు తింటివా తాతా?"

తిన్నానమ్మా, కూడు తిన్నాను అన్నాను.